పై గదిలో పీసీ: ముందు గోడ సంగతి, తర్వాత మదర్‌బోర్డు

సామాను రాకముందు

తెనాలిలో పిన్నివాళ్ల మేడ మీద గదిలో తమ్ముడికి కంప్యూటర్ అసెంబుల్ చేయాలి. ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలోకి వచ్చాడు, ఫోనులో ప్రోగ్రాములు రాసి రాసి విసిగిపోయాడు. సామాను తేల్చేశాం: రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, దానికి సరిపడే బీ550 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె). గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే వద్దన్నాను, ఆ ప్రాసెసర్‌లోనే ఉంది కాబట్టి. దానికి కొంచెం అలిగాడు.

ఆర్డరు పెట్టే ముందే ఆ గదిలో కరెంటు సంగతి చూడాలన్నాను. కారణం ఉంది. బాబాయి పాత కంప్యూటర్ ఇంకా ఆ మూలే ఉంది. దాని వెనక స్క్రూ మీద వట్టి కాళ్లతో చేయి వేస్తే జివ్వుమంటుంది. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరికీ పట్టింపు లేదు. "చెప్పులేసుకుని ముట్టుకో, ఏం కాదు" అంది పిన్ని. ఆ పాత సిస్టమ్‌కి ఒకసారి ఎస్‌ఎంపీఎస్ మార్పించారట కూడా. కొత్తదీ జివ్వుమంది. ఇక అది కంప్యూటర్ జాతి లక్షణం అనుకుని ఊరుకున్నారు.

నిజానికి ఎస్‌ఎంపీఎస్‌లో లోపం ఏమీ లేదు. దాదాపు ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ లోపలికి కరెంటు వచ్చే చోట ఫిల్టర్ ఉంటుంది. అందులో రెండు చిన్న కెపాసిటర్లు, ఒకటి ఫేజు నుంచి బాడీకి, ఇంకోటి న్యూట్రల్ నుంచి బాడీకి. వాటిని వై కెపాసిటర్లంటారు. రేడియో రొద బయటికి పోకుండా ఎర్త్‌లోకి దింపడం వాటి పని. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ బాడీ ఫేజుకీ న్యూట్రల్‌కీ సరిగ్గా నడుమ వేలాడుతుంది, అంటే దాదాపు 115 వోల్టులు. కరెంటు మాత్రం మిల్లీ ఆంపియర్‌లో కొంత వంతే, అందుకే చంపదు, జివ్వుమనిపిస్తుంది. టెస్టర్ పెడితే ఎర్రగా వెలుగుతుంది. షాపువాడు పెట్టెను వెనక్కి తీసుకుని ఇంకోటి ఇస్తాడు, అదీ వెలుగుతుంది. పాపం షాపువాడిదీ తప్పు కాదు, పెట్టెదీ కాదు.

అదే వారం, సాకెట్ల దగ్గర

వోల్టులు కొలిచే మల్టీమీటర్ తీశాను. బజార్లో దొరికే చవక పసుపు మీటర్ కాదు. దాని 10 ఆంపియర్ల రంధ్రం పక్కన ఫ్యూజు లేదని దాని మీదే రాసి ఉంటుంది. ఎర్ర తీగ ఆ రంధ్రంలో మరిచిపోయి ప్లగ్‌లో గుచ్చితే ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిసినట్టే, చేతిలోనే పేలుతుంది. తమ్ముడికి మొదట నేర్పింది ఇదే: గోడలో గుచ్చే ముందు ఎర్ర తీగ ఏ రంధ్రంలో ఉందో, గుండీ ఎక్కడుందో చూసుకో, అప్పుడే గుచ్చు.

పై గది సాకెట్‌కి ఎదురుగా నిలబడితే కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్, పైన లావు రంధ్రం ఎర్త్. పాత కంప్యూటర్ ప్లగ్ పక్క సాకెట్‌లోనే ఉంచి కొలిచాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ 238. ఫేజుకీ ఎర్త్‌కీ 121. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ 116. సగానికి సగం పంచుకున్నాయంటే ఆ లావు రంధ్రం వెనక ఏమీ లేదని అర్థం. ప్లేటు విప్పితే నిజంగానే గోడలోంచి వచ్చే ఎర్త్ తీగ లేదు, స్క్రూ మాత్రం తళతళలాడుతూ ఉంది.

కింద హాల్లో కొలిస్తే ఫేజుకీ న్యూట్రల్‌కీ 238, ఫేజుకీ ఎర్త్‌కీ 238, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ సున్నా.

"ఇది బాగుంది కదా అన్నయ్యా, పైకి ఇక్కణ్నుంచే లాగేద్దాం" అన్నాడు.

నాకు ఆ సున్నా నచ్చలేదు. ఫ్రిజ్ తిరుగుతోంది, న్యూట్రల్‌లో కరెంటు నడుస్తోంది. దారిలో ఎంతో కొంత వోల్టేజ్ పడాలి, ఒకటో రెండో కనపడాలి. అచ్చంగా సున్నా వచ్చిందంటే రెండూ ఒకటే తీగ అయి ఉండాలి. మీటరు బోర్డు దగ్గర డబుల్ పోల్ మెయిన్ (ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ తెంపేది) దించి, ప్లగ్గులన్నీ పీకి, బీప్ మోడ్‌లో పెట్టి చూస్తే కూసింది. ప్లేటు విప్పాం. న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి బెత్తెడు ఎర్ర తీగ ముక్క, రెండు కొసలూ మెలి తిప్పి నీటుగా బిగించారు. ఎవరో జివ్వుమంటోందని చెబితే మరెవరో చేసిపెట్టిన పరిష్కారం.

ఈ లూప్ చాలా ఇళ్లలో ఉంటుంది. పని చేస్తున్నంత కాలం బాగానే చేస్తుంది, జివ్వుమనడం పోతుంది. గాలివానకి స్తంభం మీద న్యూట్రల్ జాయింటు ఊడిన రోజు అసలు కథ మొదలవుతుంది. ఫేజు ఫ్రిజ్ మోటార్ గుండా, ఫ్యాన్ల గుండా న్యూట్రల్ తీగ మీదకి వస్తుంది, వెనక్కి పోయే దారి లేదు. ఆ తీగ ఈ ఎర్ర ముక్క ద్వారా ఫ్రిజ్ బాడీకి, వాషింగ్ మెషిన్ బాడీకి కలిసే ఉంది. అప్పుడు బాడీ మీద ఉండేది 115 కాదు, పూర్తి 230, పైగా వెనక బలం ఉన్న కరెంటు. లైట్లు వెలగట్లేదు కాబట్టి కరెంటు పోయిందనుకుని అందరూ ధీమాగా ఉంటారు. ఎర్త్ బొత్తిగా లేని పై గదే ఈ హాలు కన్నా నయం.

ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజు

ఆయన ఆ వీధి మొత్తానికీ ఆస్థాన ఎలక్ట్రీషియన్. చేతి పని శుభ్రంగా ఉంది. వాదన మాత్రం మామూలే: "ఇన్నేళ్ల నుంచీ ఇట్టాగే ఉంది సార్, ఎవరికన్నా ఏమన్నా అయిందా?" నేను వాదించలేదు. ఎర్త్ గుంత చూపించమన్నాను.

పెరట్లో మోటారు పక్కన ఉంది. జీఐ పైపు భూమిలోకి గట్టిగానే ఉంది. క్లాంపు దగ్గర తీగ మాత్రం తుప్పుకి తినేసి, వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. అంటే ఈ ఇంటికి ఎర్త్ ఎప్పుడో తెగిపోయింది. ఉప్పూ బొగ్గూ వేసిన గుంతలకి ఇదే తిప్పలు. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, ఇనుమునీ తింటుంది. బాబాయికి ఆ గుంతలో వేసవిలో నీళ్లు పోసిన గుర్తుంది కానీ క్లాంపు చూసిన గుర్తు లేదు.

కొత్త గుంత తవ్వించాం. రెండున్నర మీటర్ల పైపు, చుట్టూ ఉప్పు బదులు బెంటొనైట్ మట్టి. డెల్టా నల్లమట్టి, నీరు దగ్గర, ఇంతకన్నా మంచి నేల ఎర్త్‌కి దొరకదు. అక్కణ్నుంచి రాగి తీగ మీటరు బోర్డుకి, బోర్డు నుంచి పై గదికి రెండున్నర ఎంఎం పచ్చ వైరు. గోడలోని పాత పైపులో వైరు దూరక ఆయన చాలాసేపు తిట్టుకున్నాడు. చివరికి గోడ మీద కేసింగ్ కొట్టాల్సి వచ్చింది. పిన్నికి ఆ కేసింగ్ ఇప్పటికీ నచ్చలేదు.

తర్వాత బల్బు పరీక్ష. హోల్డర్‌కి రెండు తీగలు, 100 వాట్ల పాత బల్బు, ఒక కొస ఫేజులో, ఇంకో కొస ఎర్త్‌లో. నిండుగా వెలిగితే ఎర్త్ ఉన్నట్టు. అందరూ చేసే పరీక్షే. దీంట్లో ఒక చిక్కుంది. ఎర్త్ ఎక్కడో తెగి ఉంటే బల్బు వెలగదు సరే, ఆ బల్బు గుండా ఫేజు వెళ్లి ఇంట్లో ఎర్త్ తీగ తగిలించిన ప్రతి సామాను బాడీ మీదా కూర్చుంటుంది. ఆ క్షణంలో ఎవరైనా ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే అంతే. అందుకే ముందు ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గులన్నీ పీకించాను. గ్రైండర్‌లో పిండి సగంలో ఉందని పిన్ని గోల.

బల్బు బాగానే వెలిగింది. అది వెలుగుతుండగా కొలిస్తే ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ 3 తగ్గింది. 100 వాట్ల బల్బు లాగేది 0.43 ఆంపియర్. భాగిస్తే ఎర్త్ దారి మొత్తం నిరోధం దాదాపు 7 ఓమ్‌లు. ఇది మంచి అంకే. కానీ ఈ అంకెనే పట్టుకుని ఇంకొంచెం లెక్క వేయండి. ఫేజు తెగి బాడీకి తగిలితే 230ని 7తో భాగించాలి, 33 ఆంపియర్లు. మెయిన్‌లో ఉన్న ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతట అదే పడిపోయే స్విచ్) 32 ఆంపియర్లది, 33కి అది పడదు. ఎర్త్ ఉన్నా, ఎంసీబీ ఉన్నా బాడీ మీద ఫేజు అలాగే నిలబడుతుంది. స్తంభం నుంచి రెండే తీగలు వచ్చి, ఎర్త్ ఎవరి పెరట్లో వాళ్లదే అయిన మన ఇళ్లకి ఎంసీబీ ఒక్కటే చాలదు. అది వైర్లు కాలకుండా కాపాడుతుంది. మనుషుల్ని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని చూడటమే దాని పని. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా పడిపోతుంది.

పెట్టించాం. ఆన్ చేయగానే పడింది. మళ్లీ లేపితే మళ్లీ పడింది.

"చూశారా సార్, ఇందుకే వీటిని ఎవరూ పెట్టించుకోరు" అన్నాడాయన, కాస్త సంతోషంగానే.

అది పడటమే దాని పని. లూపు ఒక్క హాల్లోనే లేదు, వంటింట్లో మిక్సీ బోర్డు వెనక ఇంకోటి బయటపడింది. అది తీశాక కొంచెం సేపు నిలబడి, మేడ మీద లైటు వేయగానే మళ్లీ పడింది. ఈసారి ఇన్వర్టర్. ఇన్వర్టర్ పెట్టినప్పుడు దాని ఫేజు విడిగా లాగి, న్యూట్రల్ మాత్రం దగ్గర్లో దొరికినదానికి కలిపేశారు. కరెంటు ఒక దారిన వెళ్లి ఇంకో దారిన తిరిగొస్తుంటే ఆర్‌సీసీబీకి లెక్క తప్పుతుంది. రెండు న్యూట్రళ్లనూ విడదీయడానికి ఆయనకి సాయంత్రం దాకా పట్టింది. చివరికి నిలబడింది. మీద టెస్ట్ అని రాసున్న బటన్ నొక్కితే పడింది, లేపితే నిలబడింది. నెలకోసారి ఆ బటన్ నొక్కే బాధ్యత బాబాయిది.

పై గది సాకెట్‌లో మళ్లీ కొలిచాను. ఫేజుకీ ఎర్త్‌కీ 237, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ 1.4. పాత కంప్యూటర్ వెనక స్క్రూ మీద వట్టి కాళ్లతో చేయి వేశాం. ఏమీ లేదు. పిన్నిని పిలిచి ముట్టుకోమంటే ససేమిరా అంది.

సామాను వచ్చాక

పాత క్యాబినెట్ విప్పినప్పుడు తమ్ముడు దాని ఎస్‌ఎంపీఎస్ వెనక ఎర్ర స్విచ్ చూసి "ఇది ఆన్ ఆఫా?" అని అటూ ఇటూ ఆడించాడు. అదృష్టం, ప్లగ్ పీకే ఉంది. అది 115, 230 మధ్య మార్చే స్విచ్. 115 వైపు పెట్టి మన కరెంటుకి తగిలిస్తే లోపల వోల్టేజ్ రెట్టింపయి, ఒక్కోటి 200 వోల్టులు తట్టుకునే రెండు పెద్ద కెపాసిటర్ల మీద కలిపి 650 దాకా పడుతుంది. ఢామ్మంటుంది, పొగ, కాలిన వాసన. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో చాలావాటికి ఈ స్విచ్ లేదు, వాటిలో చాలావరకు 100 నుంచి 240 దాకా దేన్నయినా తీసుకుంటాయి. అలాంటివాటికి స్టెబిలైజర్ కూడా అక్కర్లేదు. పాతదాన్ని విప్పి చూస్తానని వాడు సరదా పడితే వద్దన్నాను. ప్లగ్ పీకినా ఆ కెపాసిటర్లలో 300 పైచిలుకు వోల్టులు కొంతసేపు నిలవ ఉండొచ్చు. అది పాతసామాన్లవాడికి పోతుంది.

బోర్డుని నేరుగా క్యాబినెట్‌లో బిగించకుండా, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి ముందు ఒకసారి వెలిగించి చూస్తాను. చాలామంది వెండిరంగు సంచి పైన పెడతారు. సంచి లోపల ఉంటే రక్షణే కానీ, పై పొర కరెంటుని కాస్తో కూస్తో పోనిస్తుంది. కింద సోల్డర్ మొనలు తగులుతుంటే దాని మీద బోర్డుని నడపడం దేనికి? అట్టపెట్టె ఉండనే ఉంది.

స్టాటిక్ (ఒంటి మీద పోగయ్యి చిప్పుల్ని పాడుచేయగల విద్యుత్తు) గురించి తమ్ముడికి యూట్యూబ్ భయం ఎక్కువ. మణికట్టుకి కట్టే పట్టీ కొన్నాడు. మంచిదే. దాని తీగలో 1 మెగాఓమ్ నిరోధం ఉంటుంది, స్టాటిక్ మెల్లగా దిగుతుంది, పొరపాటున ఫేజు తగిలినా చేతిలోంచి పోయేది పావు మిల్లీ ఆంపియరే. వట్టి రాగి తీగ చేతికి చుట్టుకుని సాకెట్ ఎర్త్ రంధ్రంలో గుచ్చుకునే వీరులు కూడా ఉన్నారు. పోయిన నెల ఈ గదిలో అలా చేసి ఉంటే 115 వోల్టుల బాడీకి తనను తాను కట్టేసుకున్నట్టే. పట్టీ క్లిప్పుని క్యాబినెట్ లోహానికి పెట్టాం, రంగు లేని చోట చూసి.

ఎస్‌ఎంపీఎస్ ఒక్కదాన్నే ముందు పరీక్షించాను. 24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్నుని పక్కనే ఉన్న గ్రౌండుకి చిన్న తీగతో కలిపితే ఫ్యాన్ తిరుగుతుంది. 12 వోల్టుల దగ్గర 12.1, 5 దగ్గర 5.04, 3.3 దగ్గర 3.33 వచ్చాయి. ఐదు శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు, అంటే 12కి 11.4 నుంచి 12.6 దాకా. ఇంకోటి గమనించమన్నాను. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు కూడా ఒక పిన్నులో 5 వోల్టులు వస్తూనే ఉంటాయి, స్టాండ్‌బై అంటారు. కంప్యూటర్ షట్‌డౌన్ అయింది కదా అని ప్లగ్ పీకకుండా ర్యామ్ లాగకూడదు అనేది ఇందుకే.

క్యాబినెట్‌లో బిగించేటప్పుడు ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని క్యాబినెట్‌కి తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్లు) లెక్కపెట్టుకున్నాం. బోర్డులో రంధ్రం లేని చోట ఒకటి అదనంగా మిగిలి ఉంటే దాని మొన బోర్డు వెనక గీతల్ని తాకి షార్ట్ అవుతుంది. ఈ క్యాబినెట్‌లో కంపెనీవాళ్లే పెద్ద బోర్డుకి సరిపడా బిగించి పంపారు. మాది మైక్రో ఏటీఎక్స్, చిన్న సైజు. మూడు తీసేయాల్సి వచ్చింది.

కేబుల్ గొడవ

బాబాయి పాత ఫొటోలున్న హార్డ్‌డిస్క్ కూడా ఇందులోనే పెట్టాలి. ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన సాటా పవర్ కేబుల్ డిస్కు దాకా అందలేదు. తమ్ముడు స్నేహితుడి దగ్గర్నుంచి ఇంకో కంపెనీ మాడ్యులర్ కేబుల్ (ఎస్‌ఎంపీఎస్ వైపు కూడా ఊడదీసి పెట్టగలిగేది) పట్టుకొచ్చాడు. రెండు కొసలూ చక్కగా కూర్చున్నాయి, క్లిక్‌మని చప్పుడు కూడా వచ్చింది. "సరిపోయింది అన్నయ్యా" అన్నాడు.

డిస్కు వైపు కొస అన్ని కంపెనీలదీ ఒకటే, దానికి ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకి ఏ ప్రమాణమూ లేదు. ప్లాస్టిక్ ఆకారం ఒకేలా ఉన్నా ఏ పిన్నులో ఏముందో ఎవరిష్టం వాళ్లది. పాత రోజుల్లో పసుపు 12, ఎరుపు 5, నలుపు గ్రౌండు అని కళ్లకి తెలిసేది. ఇప్పుడు అందం కోసం అన్నీ నల్లవే. డిస్కు తగిలించకుండా ఆ కేబుల్ కొసలో మీటర్ పెట్టాను. 5 ఉండాల్సిన చోట 12.1 ఉంది. ఆ డిస్కు తగిలించి ఉంటే ఫొటోల సంగతి అప్పటికప్పుడే తేలిపోయేది. వాడు మీటర్ వంకా కేబుల్ వంకా చూసి, కేబుల్‌ని సంచిలో పెట్టేసి, పైన మార్కర్‌తో ఆ కంపెనీ పేరు పెద్దక్షరాలతో రాశాడు. డిస్కు బే మార్చి, సొంత కేబుల్ అందే చోట బిగించాం.

కంప్యూటర్ మొదటిసారికే లేచింది. దీని గురించి రాయడానికేమీ లేదు.

కరెంటు పోయిన సాయంత్రం

ఇన్వర్టర్ లైన్ మీద పెడితే చాలు, యూపీఎస్ ఎందుకని బాబాయి ప్రశ్న. కరెంటు పోగానే జవాబు వచ్చింది, స్క్రీన్ నల్లబడి సిస్టమ్ మళ్లీ మొదలైంది. ఎస్‌ఎంపీఎస్ తన దగ్గరున్న నిలవతో 16, 17 మిల్లీ సెకన్లు నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యంగా అందుకుంది. వెనక ఉన్న స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌కి మారిస్తే ఆగకుండా నిలబడింది కానీ, ఇన్వర్టర్ ఇచ్చే స్క్వేర్ వేవ్ (గోడ కరెంటులా నున్నగా కాక మెట్లుగా మారే కరెంటు) మీద ఎస్‌ఎంపీఎస్ సన్నగా గీపెట్టింది. ఆ చప్పుడు నాకు నచ్చలేదు. చిన్న యూపీఎస్ విడిగా కొనడమే మేలు. ఈ సిస్టమ్ గట్టిగా పనిచేసినా వాడేది 100 వాట్ల చుట్టుపక్కలే కాబట్టి 600 వీఏది చాలు. షాపులో కొనే ముందు ఇదే కంప్యూటర్ తగిలించి, ప్లగ్ పీకి చూపించమని అడగాలి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు చవక యూపీఎస్‌ల మీద నిలబడవు.

ఇంకా మిగిలింది

హాల్లో టీవీకి హెచ్‌డీఎంఐతో కలపాలని తమ్ముడి కోరిక, క్రికెట్ కోసం. కలిపే ముందు టీవీకి వచ్చే వీధి కేబుల్ తీగ పై అల్లికకీ, కొత్త ఎర్త్‌కీ మధ్య కొలిచాను, 60 వోల్టుల పైనే ఉంది. వీధి చివర ఎక్కడో యాంప్లిఫయర్‌కి ఎర్త్ లేదన్నమాట. మన కంప్యూటర్ బాడీ ఇప్పుడు భూమి మీద గట్టిగా ఉంది కాబట్టి ఆ వోల్టేజ్ దిగడానికి హెచ్‌డీఎంఐ తీగే దారవుతుంది, పోయేది బోర్డు మీద పోర్టు. కేబుల్ మనిషికి ఫోన్ చేస్తే రేపొస్తానన్నాడు. ఆయన రేపు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి మ్యాచ్ చూడాలంటే ముందు టీవీ వెనక ఆ కేబుల్ పీకేసి, తర్వాతే హెచ్‌డీఎంఐ పెట్టమని వాడికి చెప్పి వచ్చాను.